వడదెబ్బ, సికిల్ సెల్: మన యువత తెలుసుకోవలసిన మాటలు

(మన సంఘం వార్షికోత్సవ సభలో ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆటపాటల మధ్యలో ఆరోగ్యం మాట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మేము కావాలనే ఈ సమయం అడిగి తీసుకున్నాం. ఎందుకంటే మన ఊళ్లలో ఏ గ్రౌండ్‌కు వెళ్లినా తెల్లవారుజామున, సాయంత్రం మన పిల్లలు పరుగెత్తుతూ కనిపిస్తున్నారు. పోలీసు ఉద్యోగం, ఆర్మీ, కేంద్ర బలగాలు, ఫారెస్టు ఉద్యోగం, ఏది కావాలన్నా ముందు ఈవెంట్స్ దాటాలి. 1600 మీటర్లు, కొన్నిటికి 5 కిలోమీటర్లు. ఇంటికి ఒక్క ఉద్యోగం వస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. అందుకే ఎండనక, వాననక, కడుపు నిండినా నిండకపోయినా పరుగెత్తుతున్నారు. ఆ పరుగు ఆపమని చెప్పడానికి మేము రాలేదు. ప్రాణం పోకుండా ఎలా పరుగెత్తాలో చెప్పడానికి వచ్చాం.

2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలు జరిగాయి. మగపిల్లలు గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఆ పరుగుల్లో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ప్రభుత్వం ఎంపికలను కొన్నాళ్లు ఆపి, నిబంధనలను తిరిగి చూడవలసి వచ్చింది. అన్ని మరణాలకూ ఒకే కారణం అంటగట్టడం తగదు. కానీ ఉద్యోగం కోసం గ్రౌండ్‌కు వెళ్లిన పిల్లలు శవాలై ఇంటికి చేరారన్నది మాత్రం నిజం. అది ఆదివాసీల రాష్ట్రం. ఆ తల్లుల దుఃఖం మనకు పరాయిది కాదు.

ముందుగా వేడి గురించి. మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. కండరాలు పని చేసేటప్పుడు తిన్న తిండిలోని శక్తిలో నాలుగో వంతు మాత్రమే కదలికకు పోతుంది. మిగిలిందంతా వేడే. బాగా పరుగెత్తే మనిషి ఒళ్లు మండుతున్న పొయ్యి లాంటిది. ఆ వేడిని బయటికి పంపేది రెండు దారుల్లో. రక్తం చర్మం దగ్గరికి వచ్చి వేడిని వదలడం ఒకటి, చెమట పట్టి ఆరిపోవడం రెండోది. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. అది ఆరితేనే చల్లబడుతుంది. అందుకే గాలి ఆడని ఉక్కపోత రోజు ఎండ తక్కువగా ఉన్నా ప్రమాదం ఎక్కువ. వాన వెలిసిన తర్వాత వచ్చే ఉక్కపోతలో పరుగెత్తేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. దాన్ని ‘ఎండ తగిలింది, కాసేపు పడుకుంటే తగ్గుతుంది’ అని వదిలేయకూడదు. ఒళ్లు చల్లబరచుకోవడానికి రక్తమంతా చర్మానికి, కండరాలకు పరుగుపెడితే పేగులకు రక్తం తగ్గిపోతుంది. పేగు గోడ దెబ్బతిని, లోపలి సూక్ష్మజీవుల విషాలు రక్తంలోకి జారతాయి. అక్కడి నుంచి జరిగేది ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినప్పుడు జరిగేదానికి దగ్గరగా ఉంటుందని వైద్య పరిశోధకులు రాశారు. కాలేయం, మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే ఏర్పాటు అన్నీ ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటాయి. 2015 మే నెల వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఎండలో కష్టం చేసేవాళ్లకు, ముసలివాళ్లకు ఆ గాడ్పుల దెబ్బ ముందు తగులుతుంది.

అయితే ఒకే ఎండలో పదిమంది పరుగెత్తితే ఒక్కడే ఎందుకు పడిపోతాడు? ఈ ప్రశ్న మీదే పరిశోధనలు చాలా జరిగాయి. కొన్ని కారణాలు మనకు తెలిసినవే. రాత్రి నిద్ర లేకపోవడం, జ్వరమో విరేచనాలో తగ్గి వారం కూడా కాకపోవడం, ముందు రోజు సారా తాగడం, కొన్ని రకాల మందులు వాడుతుండడం, ఎండకు అలవాటు పడకుండానే ఒక్కసారిగా కష్టమైన కసరత్తు మొదలుపెట్టడం. వీటికి తోడు, మన జాతుల్లో చాలామంది రక్తంలోనే ఉన్న ఇంకో కారణం ఉంది. అదే సికిల్ సెల్.

సికిల్ అంటే కొడవలి. ఎర్ర రక్తకణం మామూలుగా గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. అందులోని హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క చిన్న మార్పు వల్ల, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ కణం కొడవలిలా వంగి, బిరుసెక్కి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఇది హిమోగ్లోబిన్ అణువులోని తేడా వల్ల వచ్చేదని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. మన దేశంలో 1952లో నీలగిరి కొండల ఆదివాసీల్లో మొదటిసారి దీన్ని గుర్తించారు. ఆ తర్వాత మధ్య భారతం నుంచి మన గోదావరి లోయ దాకా, ఎన్నో తెగల్లో ఇది ఉందని తేలింది. కొన్ని తెగల్లో చాలా ఎక్కువ, కొన్నిటిలో చాలా తక్కువ.

ఇది శాపం కాదు, తక్కువతనం అంతకన్నా కాదు. ఈ మార్పు ఒక్క వైపు నుంచే వచ్చినవాళ్లకు ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ అల్లిసన్ అనే శాస్త్రవేత్త చూపించారు. మలేరియా ముసిరిన అడవుల్లో మన ముందుతరాలు బతికి బట్టకట్టడానికి ఇదీ ఒక ఆసరా అయింది.

ఇక్కడ రెండు మాటల్ని కలిపేయకూడదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ మార్పు వస్తే అది సికిల్ సెల్ జబ్బు. ఒళ్లు నొప్పులు, రక్తహీనత, తరచూ ఆసుపత్రి ఉంటాయి. ఒక్క వైపు నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు, అంటే క్యారియర్. అతనికి జబ్బు లేదు. అందరిలాగే బతుకుతాడు, పొలం దున్నుతాడు, ఫుట్‌బాల్ ఆడతాడు. చాలామందికి తాము వాహకులమని చనిపోయేదాకా తెలియదు.

జబ్బు ఉన్నవాళ్లకు ఎండ సంగతి సూటిగా చెప్పవచ్చు. ఒంట్లో నీరు తగ్గితే ఎర్రకణం లోపల హిమోగ్లోబిన్ చిక్కబడుతుంది, చిక్కబడితే కణం తొందరగా కొడవలి అవుతుంది, నొప్పులు మొదలవుతాయి. ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగినా నొప్పులు రావచ్చు. వాళ్లు డాక్టరు రాసిచ్చిన మందులు, హైడ్రాక్సీయూరియా లాంటివి, వేసవిలో కూడా మానకూడదు. తునికాకు పనికి, మిర్చి కోతకు వాళ్లను ఎండలో తిప్పకూడదు.

వాహకుల సంగతి కొంచెం నిదానంగా వినండి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఎల్ పాసో దగ్గర ఫోర్ట్ బ్లిస్ అనే సైనిక శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ శిక్షణలో చనిపోయిన నలుగురు వాహకుల గురించి వైద్యులు 1970లో రాశారు. 1987లో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. 1977 నుంచి 1981 దాకా అమెరికా సైన్యంలో చేరిన దాదాపు 20 లక్షలమంది రిక్రూట్ల లెక్కలు తీశారు. నల్లజాతి రిక్రూట్లలో వాహకులు కానివాళ్లలో శిక్షణ సమయంలో కారణం తేలని హఠాన్మరణాలు లక్షకు ఒకటికి కాస్త పైన ఉంటే, వాహకుల్లో లక్షకు 32 ఉన్నాయి. దాదాపు 28 రెట్లు.

ఈ అంకె వినగానే భయం వేస్తుంది. కానీ కథ అక్కడితో ఆగలేదు. తర్వాతి కాలంలో ఆ సైన్యం ఎండ జాగ్రత్తలను వాహకులకు మాత్రమే కాకుండా శిక్షణలో ఉన్న ప్రతి ఒక్కరికీ పెట్టింది. ఎండను బట్టి పని, పనికి తగ్గ విశ్రాంతి, గంట గంటకూ నీళ్లు, నెమ్మదిగా పెంచే కసరత్తు. 2016లో మరో అధ్యయనం వచ్చింది. 2011 నుంచి 2014 దాకా పనిచేసిన 47,944 మంది నల్లజాతి సైనికుల వివరాలు చూశారు. వాహకులైనంత మాత్రాన చావు ముప్పు పెరగలేదు. కండరాలు చిట్లిపోయే రాబ్డోమయోలైసిస్ అనే ముప్పు మాత్రం 54 శాతం ఎక్కువగా కనిపించింది. ఇంకో విశేషం కూడా ఉంది. అదే అధ్యయనంలో పొగాకు వాడేవాళ్లకు కూడా ఆ ముప్పు దాదాపు అంతే పెరిగింది. రక్తంలో పుట్టుకతో వచ్చినదాన్ని మనం మార్చలేం. జేబులో బీడీ కట్టను, పెదవి కింద పొగాకును మాత్రం ఈ రోజే పారేయగలం.

ఈ రెండు అధ్యయనాలూ వేరే దేశంలో, వేరే జనం మీద జరిగాయి. మన దేశంలో కనిపించే సికిల్ సెల్ రకం ఉన్నవాళ్లలో పుట్టుకనాటి హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలి ఉండి, జబ్బు తీవ్రతను చాలామందిలో కొంత తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకని అక్కడి అంకెలను ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు అంటించకూడదు. కానీ ఒళ్లు పనిచేసే తీరు ఒక్కటే, దాని నుంచి వచ్చే పాఠం కూడా ఒక్కటే. జాగ్రత్తలు పాటించిన చోట వాహకులు మిగతావాళ్లతో సమానంగా పరుగెత్తగలరు.

లోపల ఏం జరుగుతుందో చెప్తాం. వాహకుల మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచి నీటిని దాచుకునే పనిలో కొంత బలహీనంగా ఉంటాయి. అందువల్ల ఎండలో నీరు తొందరగా పోతుంది. ఆపకుండా వేగంగా పరుగెత్తితే కండరాల్లో ప్రాణవాయువు తగ్గుతుంది, ఆమ్లం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. ఇవన్నీ ఒక్కసారి కలిస్తే వాహకుల కణాలు కూడా కొడవళ్లవుతాయి. కండరాలకు రక్తం అందక చిట్లుతాయి. అందులోంచి వచ్చే పదార్థం మూత్రపిండాలను మూసేస్తుంది. అప్పుడు మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో వస్తుంది. ఆ రంగు కనిపించిన గంటే ఆసుపత్రికి పోవాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

గ్రౌండ్‌లో పడిపోయినవాణ్ణి చూసి తేడా పట్టుకోవడం నేర్చుకోండి. పిక్క పట్టేస్తే కండరం రాయిలా గట్టిపడుతుంది, మనిషి నొప్పితో అరుస్తాడు. సికిల్ వల్ల కూలబడేవాడు ఎక్కువగా పరుగు మొదలైన కొద్ది నిమిషాల్లోనే, వేగంగా పరుగెత్తుతున్నప్పుడు పడతాడు. స్పృహ ఉంటుంది, మాట్లాడతాడు, ‘కాళ్లు పనిచేయడం లేదు’ అంటాడు, కండరం పట్టుకుంటే మెత్తగానే ఉంటుంది. వడదెబ్బ తగిలినవాడు ఒళ్లు కాలిపోతూ, పేరు అడిగితే తడబడతాడు, లేదా పలకడు. ముగ్గురిలో ఎవరినీ ‘నాటకాలు ఆడుతున్నావు, లే, పరుగెత్తు’ అనకూడదు. ఆ ఒక్క మాట ప్రాణం తీస్తుంది. కోచింగ్ ఇచ్చే అన్నలకు ఇది మా ప్రత్యేక విన్నపం.

వడదెబ్బ అనిపిస్తే ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, నీళ్లతో మెడ దాకా తడపండి. తొట్టి ఉంటే తొట్టిలో కూర్చోబెట్టి తల పట్టుకోండి. లేకపోతే బోరింగు నీళ్లు ఒంటి మీద ఆపకుండా పోస్తూ టవళ్లతో విసరండి. ఐసు దొరికితే చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర పెట్టండి. అరగంటలోపు వేడి దించగలిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. అమెరికాలో ఫాల్మత్ అనే ఊళ్లో ఏటా జరిగే పరుగు పందెంలో 18 ఏళ్లలో 274 మందికి వడదెబ్బ తగిలింది. వెంటనే చల్లటి నీళ్ల తొట్టిలో ముంచడం వల్ల ఒక్కరు కూడా చనిపోలేదు. మన కొండల మీదికి అంబులెన్సు రావడానికి ఎంత సేపు పడుతుందో మనకు తెలుసు. అందుకే ఆ అరగంట మన చేతుల్లోదే. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు, అది జ్వరానికే. సికిల్ అనిపిస్తే పడుకోబెట్టి, చల్లబరచి, మాట్లాడగలిగితే నీళ్లు తాగించి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాహకుడని తెలిస్తే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

ఇక రోజువారీ జాగ్రత్తలు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు పోవడం తగ్గుతుంది. కాబట్టి నోటిఫికేషన్ రాగానే మొదటి రోజే పూర్తి దూరం, పూర్తి వేగం వద్దు. రోజూ కొంచెం పెంచండి. మధ్యమధ్య ఆగండి. వాహకులు పరుగు మీద పరుగు విరామం లేకుండా తీయకూడదు. జ్వరం తగ్గిన వారంలో గ్రౌండ్‌కు వద్దు. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగండి. ఒకేసారి లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగినా ఒంట్లో ఉప్పు పలచబడి ప్రమాదమే. ఉప్పేసిన గంజి, రాగి అంబలి, మజ్జిగ మన ఇంట్లోనే ఉన్నాయి. ఓఆర్‌ఎస్ అయితే ఒక ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లకు కలపాలి. రంగు సీసాల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు.

మన పెద్దవాళ్లు తునికాకుకు కోడి కూయగానే వెళ్లి, ఎండ ముదరకముందే ఇంటికి తిరిగి వస్తారు. ఇప్పపువ్వు ఏరేదీ తెల్లవారకముందే. ఇప్పుడు ఉపాధి హామీ కొలతలు పూర్తి చేయాలని, మిర్చి కోతలో ఇంకో బస్తా నిండాలని మధ్యాహ్నం దాకా ఎండలో ఉంటున్నాం. పని వేళలు మార్చమని, పని దగ్గర నీడ, తాగునీరు పెట్టమని అడగడం మన హక్కు. అహ్మదాబాద్ నగరంలో 2010 మే వడగాడ్పుల్లో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తేలాక, 2013లో ఆ నగరం వేడి తట్టుకునే ప్రణాళిక ఒకటి తయారుచేసుకుంది. నగరాలకు ఉన్న ప్రణాళిక గూడేలకూ కావాలి. గ్రామసభలో ఆ తీర్మానం పెట్టవలసింది మీరే.

చివరగా పరీక్ష సంగతి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు ఏడు కోట్లమందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి దీన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం. మన రెండు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. వేలి నుంచి చుక్క రక్తంతో ముందు పరీక్ష, అవసరమైతే ఇంకో పరీక్ష. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎం అక్కను అడగండి.

‘పరీక్షలో బయటపడితే ఉద్యోగం పోతుందేమో, పెళ్లి ఆగిపోతుందేమో’ అని మీలో చాలామంది మాతో అన్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికా వైమానిక దళ అకాడమీ 1981 దాకా వాహకులను చేర్చుకోలేదు. తర్వాత ఆ నిషేధం ఎత్తేశారు. 2012లో అక్కడి రక్తవ్యాధుల వైద్యుల సంఘం కూడా క్రీడాకారులకు బలవంతపు పరీక్ష కన్నా అందరికీ ఒకే జాగ్రత్తలు పెట్టడం మేలని చెప్పింది. మేము చెప్పేదీ అదే. నీళ్లు, నీడ, విశ్రాంతి అందరికీ ఇవ్వాలి. అప్పుడు ఎవరి రక్తంలో ఏముందో నలుగురికీ చాటవలసిన పని లేదు. పరీక్ష ఫలితం మీది. మీ జాగ్రత్త కోసం మీరు తెలుసుకోండి, పక్కవాడి ఫలితాన్ని ఎగతాళికి వాడకండి. పెళ్లి విషయంలో ఒక్క లెక్క తెలుసుకోండి. ఇద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకరే వాహకులైతే బిడ్డకు ఈ జబ్బు రాదు. అందుకే ముందే తెలుసుకుని, సలహా తీసుకుని నిర్ణయించుకోండి.

ఈ సభ నుంచి మూడు పనులు పెట్టుకుని వెళ్దాం. ప్రతి గ్రౌండ్‌లో ఒక నీళ్ల డ్రమ్ము, నాలుగు టవళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉంచుదాం. ఎవరూ ఒంటరిగా ప్రాక్టీస్ చేయకుండా జంటలుగా పరుగెత్తుదాం, ఒకరి మాట, నడక మీద ఇంకొకరు కన్నేసి ఉంచుదాం. వచ్చే వేసవి లోపు మన సంఘం యువత అంతా పరీక్ష చేయించుకుందాం. ఎవరైనా పడిపోతే ఏం చేయాలో ఈ రోజు మీకు తెలిసింది. ఇంటికి వెళ్లి మీ చెల్లికి, తమ్ముడికి, పక్క గూడెంలో స్నేహితుడికి చెప్పండి.

మీరు యూనిఫాం వేసుకుని ఊళ్లోకి వచ్చే రోజున డోలు మేమే కొడతాం. జోహార్.